ఎడారి లోయల్లో రాతి రాతలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సినాయ్ ద్వీపకల్పంలోని వాదీ ముకత్తబ్ లోయలో బండల నిండా ఉన్న రాతలు మోషే వెంట ఈజిప్టు నుంచి బయల్దేరిన ఇశ్రాయేలీయులు చెక్కినవని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా?

జవాబు: కాదు. అయితే ఆ నమ్మకం నిన్న మొన్న పుట్టింది కాదు. 6వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా వర్తకుడు కాస్మస్ ఇండికోప్లూస్టెస్ ఆ దారిన వెళ్లి, రాతలు చూసి, అదే మాట రాసిపెట్టాడు. అప్పటికే వాటిని చదవగలిగేవాళ్లు లేరు. చదవడం మొదలైంది 1840లో. లైప్‌జిగ్ పండితుడు ఎడ్వర్డ్ బేర్, యాత్రికులు ఎత్తిరాసుకొచ్చిన నకళ్లు ముందేసుకుని అక్షరాలు ఒక్కొక్కటిగా తేల్చాడు. అది నబతీయుల లిపి. పెట్రా రాజధానిగా ఏలిన నబతీయుల రాజ్యాన్ని రోమన్లు క్రీ.శ. 106లో కలిపేసుకున్నారు. సినాయ్ రాతల్లో ఎక్కువ భాగం ఆ తర్వాతవే, అంటే 2, 3 శతాబ్దాలవి. తేదీ వేసిన కొద్ది రాతల్లో సంవత్సరాల లెక్క కూడా ఆ 106 నుంచే మొదలవుతుంది. మోషే కథా కాలానికీ వీటికీ వెయ్యేళ్లకు పైగా ఎడం ఉంది.

బేర్ చదివిన తర్వాత కూడా 1851లో చార్లెస్ ఫోర్‌స్టర్ అనే ఇంగ్లిష్ మతాచార్యుడు పాత వాదాన్నే మళ్లీ పుస్తకంగా వేశాడు. మీరు చూసిన వీడియోలోని వాదం కొత్తదేమీ కాదు.

ప్రశ్న: మరి వాటిలో ఏముంది? లిపి రాని మాలాంటివాళ్లు ఒక్క ముక్కైనా గుర్తుపట్టగలమా?

జవాబు: గుర్తుపట్టగలరు. సినాయ్ నబతీయ రాతల్లో చాలా భాగం ఒకే అచ్చులో ఉంటాయి. మొదట "ష్ల్మ్", అంటే క్షేమం. తర్వాత ఒక పేరు. తర్వాత "బ్ర్", అంటే కొడుకు. తర్వాత తండ్రి పేరు. చివర కొన్నిసార్లు "బ్‌ట్బ్", మంచిగా అని. "ఫలానావాడి కొడుకు ఫలానావాడికి క్షేమం" అన్నమాట. ఇంకొన్ని "ద్కీర్" అనే మాటతో మొదలవుతాయి. ఫలానావాణ్ని తలుచుకుందురు గాక అని దాని భావం.

ఇక్కడ హల్లులు మాత్రమే రాస్తారు. మన గుణింతం లాంటిది లేదు. అందుకే పైన పొల్లులతో చూపించాం. కుడి నుంచి ఎడమకు చదవాలి. ముందుగా కుడి చివర "ష్ల్మ్" కోసం వెతకండి. మధ్యలోని లకారం పైకి నిలువుగా పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి అది సులువుగా దొరుకుతుంది. అది దొరికితే రాత మొదలెక్కడో తెలిసినట్టే. తర్వాత "బ్ర్" అనే రెండక్షరాల చిన్న జంట. దానికి కుడివైపున్నది కొడుకు పేరు, ఎడమవైపున్నది తండ్రి పేరు. ఇంకో ఆనవాలు: నబతీయుల పేర్లు చాలావరకు వకారంతో ముగుస్తాయి. "వాల్వ్", "అవ్ష్వ్", "అమ్ర్వ్" లాంటివి. వకారం మెడ మీద గుండ్రటి తలలా కనిపిస్తుంది. అది పేరు చివరను పట్టిస్తుంది. అమ్ర్ అనే పేరును అరబ్బులు ఈనాటికీ చివర పలకని వకారంతో రాస్తున్నారంటే, ఆ అలవాటు నబతీయుల నుంచి వచ్చిందే.

తప్పు జరిగేది ఎక్కువగా దకారం, రకారం దగ్గర. ఆ రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. బ, న, య కూడా పదం మధ్యలో పడితే చిన్న పన్నులా మారిపోయి ఒకదానికొకటి పోలతాయి. అందుచేత ఒక్క రాతను విడిగా చూసి పేరు ఇదేనని తేల్చకూడదు. అదే మనిషి, అదే కుటుంబం ఇంకో బండ మీదా రాసి ఉంటారు. రెండు మూడు చోట్ల పోల్చి చూస్తేనే పేరు నిలబడుతుంది. తర్వాతి రోజుల్లో అరబిక్ లిపికి చుక్కలు అవసరమైంది సరిగ్గా ఈ ఇబ్బంది వల్లే. ఆ లిపి నబతీయ లిపి లోంచే పెరిగింది.

ప్రశ్న: బండ నల్లగా, రాత మాత్రం లేత రంగులో ఉంటుంది. రాతికి నల్లరంగు పూసి దాని మీద చెక్కారా?

జవాబు: ఎవరూ పూయలేదు. దాన్ని ఎడారి వార్నిష్ అంటారు. గాలిలో వచ్చిన దుమ్ములోని బంకమట్టి రేణువులు, ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లు రాతి మీద పొరపొరగా అతుక్కుని ఏర్పడిన పూత అది. మాంగనీసు ఎక్కువైతే నలుపు, ఇనుము ఎక్కువైతే ఎరుపు గోధుమ రంగు. మాంగనీసును అలా పోగుచేయడంలో సూక్ష్మజీవులకు పాత్ర ఉందని చాలామంది పరిశోధకులు అంటారు. మందం సాధారణంగా మిల్లీమీటరులో అయిదో వంతుకు లోపే. పెరిగే వేగం వెయ్యేళ్లకు మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒకటి నుంచి నలభై భాగాల వరకు.

ఒక గట్టి రాయి తీసుకుని ఆ పూతను పొడిస్తే కింది లేత రంగు బయటపడుతుంది. అంటే చాలా రాతలు లోతుగా తొలిచినవి కావు, పై పూతను ఊడగొట్టి చూపించినవి. వాటి బతుకంతా ఆ పలచని పొర మీదే ఆధారపడి ఉంది. చెప్పుకాలు, నీళ్లు, సుద్ద, వేలు, ఏదీ వాటికి చిన్న విషయం కాదనడానికి ఇదే కారణం.

ప్రశ్న: వార్నిష్ మళ్లీ పెరుగుతుంది కదా. దాన్నిబట్టి రాత వయసు చెప్పలేమా?

జవాబు: ముందువెనకలు చెప్పొచ్చు, సంవత్సరం చెప్పలేం. ఒకే బండ ముఖం మీద ఒక బొమ్మ నల్లబడి, దాని పక్క రాత లేతగా ఉంటే బొమ్మ పాతది. ఒకదాని గీత ఇంకోదాన్ని తెగ్గొట్టుకుని పోతే తెగ్గొట్టినది కొత్తది. కానీ పూత పెరిగే వేగం నీడను, తేమను, గాలి వాటాన్ని బట్టి మారుతుంది కాబట్టి వేర్వేరు బండలను రంగుతో పోల్చడం చెల్లదు. వార్నిష్‌లోని రసాయనాల నిష్పత్తితో తేదీలు కట్టే పద్ధతి ఒకటి 1980ల్లో బాగా ప్రచారమైంది. అది నిలబడలేదు.

గట్టి తేదీ దొరికేది రాత తానే చెప్పినప్పుడు. సౌదీ అరేబియాలో మదాయిన్ సాలిహ్ ప్రాంతపు ఎర్ర ఇసుకరాయి మీద జుహైర్ అనే అతను, ఖలీఫా ఉమర్ చనిపోయిన కాలంలో, ఇరవై నాలుగో సంవత్సరంలో రాశానని చెక్కాడు. హిజ్రీ 24 అంటే క్రీ.శ. 644-45. అరబిక్ అక్షరాలకు చుక్కలు ఆ రాతలోనే ఉన్నాయి. చుక్కలు చాలా తర్వాత వచ్చాయన్న పాత అభిప్రాయానికి ఆ బండ ఎదురు సాక్ష్యం.

ప్రశ్న: జోర్డాన్‌లోని వాదీ రమ్ ఎడారి లోయకు వెళ్తున్నాను. ఫోన్, మామూలు డీఎస్ఎల్ఆర్ రెండూ ఉన్నాయి. అంతకుముందు తీసిన ఫోటోల్లో రాతలు ఏమీ కనపడలేదు. ఎలా తీయాలి?

జవాబు: మొదట తేల్చుకోవాల్సింది రాత ఏ రకమన్నది. పొడిచి చెక్కినదా, గీసి చెక్కినదా? చాలామంది ఫోటోలు ఇక్కడే పాడవుతాయి. పొడిచిన రాత కనపడేది రంగు తేడా వల్ల. దానికి నేరు ఎండ కన్నా నీడ మంచిది. బండ మొత్తం నీడలో ఉన్నప్పుడు, లేదా ఒక మనిషి గొడుగో దుప్పటో అడ్డం పట్టుకుంటే, రంగు తేడా శుభ్రంగా వస్తుంది. గొడుగు సగం బండకే అందితే ఆ ఫోటో దండగ, నీడ ముఖమంతా పరుచుకోవాలి. గీసిన రాత, లేదా తిరిగి నల్లబడిపోయిన పాత రాత కనపడేది లోతు వల్ల. దానికి ఏటవాలు వెలుతురు కావాలి. అంటే వెలుగు బండను రాసుకుంటూ పక్కనుంచి పోవాలి.

పొద్దున్నే తీయాలి, సాయంత్రం తీయాలి అనే సలహా ఇక్కడ సగమే నిజం. తూర్పుకు తిరిగిన నిట్టనిలువు బండకు సూర్యోదయం ఎదురుగా కొడుతుంది. లోతంతా చదునైపోతుంది. దానికి ఏటవాలు వెలుతురు వచ్చేది సూర్యుడు నడినెత్తికి చేరబోయే ముందు, ఎండ ఆ ముఖాన్ని వదిలిపోయే చివరి అరగంటలో. పడమటి ముఖానికి సూర్యుడు నడినెత్తి దాటిన వెంటనే. దక్షిణపు ముఖానికి పొద్దున, సాయంత్రం పక్కల నుంచి వస్తుంది. జూన్ మధ్యాహ్నం అయితే సూర్యుడు దాదాపు నెత్తి మీద ఉంటాడు కాబట్టి పై నుంచి కూడా వస్తుంది. డిసెంబరు మధ్యాహ్నం మాత్రం ఎదురుగా పడుతుంది, పనికిరాదు. ఉత్తరపు ముఖానికి ఏడాదిలో ఎక్కువ కాలం ఎండే తగలదు. అక్కడ అద్దంతోనో, కెమెరాకు దూరంగా చేత్తో పట్టుకున్న ఫ్లాష్‌తోనో పక్కనుంచి వెలుగు పంపాలి. కెమెరా మీదున్న ఫ్లాష్ వద్దు, అది సూర్యోదయం చేసిన పనే చేస్తుంది.

ప్రతి బండకూ కనీసం మూడు రకాల ఫోటోలు తీసుకోండి. దూరం నుంచి లోయతో కలిపి ఒకటి, బండ మొత్తం ఒకటి, రాత దగ్గరగా కొన్ని. దగ్గరి ఫోటోలో కెమెరా బండకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. పక్కకు వంగితే అక్షరాల కొలతలు మారిపోతాయి. పది సెంటీమీటర్ల కొలబద్ద రాత పక్కన, అదే లోతులో, రాతికి అంటించకుండా పట్టుకోవాలి. ఏదీ కత్తిరించి దాచకండి. రాత చుట్టూ ఉన్న ఖాళీ రాతి పైనే పగుళ్లు ఎటు పోతున్నాయో కనపడుతుంది. పగులును అక్షరంగా చదివిన పండితులు కూడా ఉన్నారు.

ఇంకొంచెం శ్రమకు సిద్ధమైతే ఆర్టీఐ (రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్) అనే పద్ధతి ఉంది. హ్యూలెట్ ప్యాకార్డ్ పరిశోధనశాలలో టామ్ మాల్జ్‌బెండర్ బృందం 2001లో ప్రకటించిన ఆలోచన ఇది. కెమెరాను ముక్కాలిపీట మీద కదలకుండా బిగించాలి. రాత పక్కన నున్నటి నల్లటి గోళీలు రెండు నిలబెట్టాలి. ఫోటోలో ఒక్కో గోళీ వ్యాసం కనీసం 250 పిక్సెళ్లు రావాలి. తర్వాత కెమెరా, గోళీలు, రాయి ఏదీ కదలకుండా, ఫ్లాష్‌ను మాత్రం గొడుగు ఆకారంలో తిప్పుతూ 24 నుంచి 60 ఫోటోలు తీయాలి. ఫ్లాష్ దూరం రాత వెడల్పుకు మూడు నాలుగు రెట్లు, ప్రతిసారీ ఒకే దూరం. దారం కట్టి కొలుచుకుని, ఫోటో తీసే క్షణంలో దారం పక్కకు తీసేయాలి. వెలుగు ఎత్తు రాతి ముఖం నుంచి 15 డిగ్రీలకూ 65 డిగ్రీలకూ మధ్య. గోళీల మీద మెరిసే చుక్కను చూసి సాఫ్ట్‌వేర్ ప్రతి ఫోటోలో వెలుగు ఎటునుంచి వచ్చిందో లెక్కగడుతుంది. తర్వాత కంప్యూటర్లో వెలుగును మీకు నచ్చినట్టు తిప్పుకుంటూ చదవొచ్చు. ఆర్టీఐబిల్డర్, ఆర్టీఐవ్యూయర్ అనే ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి.

పని చెడిపోయేది సాధారణంగా గాలి వల్ల. ముక్కాలిపీట వెంట్రుకవాసి కదిలినా బొమ్మ మసకబారుతుంది. మధ్య కడ్డీకి ఇసుకసంచి వేలాడదీయండి. ఆటోఫోకస్, ఆటో వైట్ బ్యాలెన్స్ రెండూ ఆపేయాలి. పగటి ఎండ ఫ్లాష్‌ను మింగేస్తుంది కాబట్టి పొద్దుగూకాక చేయడం మేలు.

ఫోటోగ్రామెట్రీ, అంటే చాలా కోణాల్లో తీసిన ఫోటోలను కలిపి త్రీడీ నమూనా కట్టడం, దీనికి తలకిందులు. అక్కడ వెలుగు మారకూడదు, కెమెరా కదలాలి. పక్కపక్క ఫోటోలు 60 నుంచి 80 శాతం వరకు ఒకదానిపై ఒకటి రావాలి. దానికి ఫోన్ కూడా సరిపోతుంది. ఈ రెంటినీ కలిపి ఒకేసారి కానిద్దామనుకుంటే రెండూ చెడతాయి.

ప్రశ్న: మా గైడ్ సీసాలో నీళ్లు బండ మీద పోసి అక్షరాలు చూపించాడు. ఇంకొకచోట గీతల్లో సుద్ద రాసి ఉంది. ఇవి సరైనవేనా? తడి కాగితంతో ఎస్టాంపేజి, అంటే రాత అచ్చు, తీయొచ్చా?

జవాబు: మూడూ వద్దు. ఇసుకరాయి లోపల ఉప్పు ఉంటుంది. నీళ్లు పోస్తే ఉప్పు కరిగి, ఆరేటప్పుడు పైకి వచ్చి స్ఫటికాలుగా పెరుగుతుంది. ఆ ఒత్తిడికి పైపొర పెచ్చుగా లేస్తుంది. ఒక్క గైడ్, ఒక్క సీసాతో బండ కూలిపోదు. కానీ రోజూ పదిమందికి చూపిస్తే కొన్నేళ్లలో రాతతో సహా పెచ్చు ఊడి కింద పడుతుంది. మంచిమాటగా చెప్పి, టార్చిలైటు పక్కనుంచి వేసి చూపించమనండి. అది నీళ్లకన్నా బాగా చూపిస్తుంది కూడా.

సుద్దతో ఇంకో ప్రమాదం ఉంది. గీసినవాడు ఏది అక్షరమనుకున్నాడో అదే మిగతా వాళ్లందరికీ కనిపిస్తుంది. అసలు గీత దాని కింద కప్పబడిపోతుంది. సుద్ద పూసిన రాతల పాత ఫోటోలు చాలావరకు చదవడానికి పనికిరావు.

ఎస్టాంపేజి గట్టి రాతికి మంచి పద్ధతే, శాసన పరిశోధనలో దాని మేలు చిన్నది కాదు. మందపాటి వడపోత కాగితాన్ని తడిపి పై నుంచి పరిచి, గట్టి బ్రష్‌తో మధ్య నుంచి అంచులకు కొడుతూ గాలి బుడగలు వెళ్లగొట్టి, రాతి మీదే ఆరనివ్వాలి. ఎడారి గాలికి అంచులు ముందుగా ఆరి ముడుచుకుని లేస్తాయి, కాగితం చిరుగుతుంది. ఇసుకరాయి మెత్తగా ఉంటే కాగితంతోపాటు రేణువులు కూడా ఊడి వస్తాయి. అందుకే అనుమతి ఉన్న నిపుణులు, అదీ గట్టి రాళ్ల మీద మాత్రమే చేస్తారు. రబ్బరు పాలతో అచ్చు తీయడం ఇంకా హానికరం. ఊడదీసేటప్పుడు వార్నిష్ దానికి అంటుకుని వస్తుంది.

ప్రశ్న: జోర్డాన్ ఈశాన్యాన, మనిషి జాడ లేని నల్లరాళ్ల ఎడారిలో వేల రాతలు ఉన్నాయని చదివాను. అక్కడ ఎవరు, ఎవరి కోసం రాశారు?

జవాబు: ఆ ప్రాంతాన్ని హర్రా అంటారు. సిరియా దక్షిణం నుంచి జోర్డాన్ మీదుగా సౌదీ ఉత్తరం దాకా పరుచుకున్న బసాల్టు రాళ్ల నేల. అక్కడి రాతలను సఫాయిటిక్ అంటారు. 1857లో సిరిల్ గ్రాహం ద్వారా బయటి లోకానికి తెలిశాయి. 28 అక్షరాలనూ పూర్తిగా తేల్చింది 1901లో ఎన్నో లిట్‌మాన్. ఇప్పటిదాకా నమోదైనవి 30,000 పైచిలుకు. రాసినవాళ్లు ఒంటెలు, మేకలు మేపుకుంటూ తిరిగిన సంచార జాతులు.

రాత లకారంతో మొదలవుతుంది. తర్వాత రాసినవాడి పేరు, "బ్న్" (కొడుకు అని) తండ్రి పేరు, "బ్న్" తాత పేరు అంటూ కొన్నిసార్లు పది తరాలకు పైగా పోతుంది. తర్వాత తానేం చేస్తున్నాడో: మేపుతున్నాను, కాపలా ఉన్నాను, ఫలానావాడి కోసం దుఃఖిస్తున్నాను. తర్వాత లాత్ దేవతకు క్షేమం ప్రసాదించమని మొర. చివర కొన్నిసార్లు శాపం: ఈ రాతను చెరిపినవాడికి చూపు పోవుగాక. తన రాతను రేపెవరో వచ్చి చదువుతారని వాళ్లకు గట్టి నమ్మకం ఉందని ఆ శాపమే చెబుతోంది.

చదవడానికి చిక్కేమిటంటే దిశ ఏదీ నియమం కాదు. కుడికి, ఎడమకు, రాయి చుట్టూ మెలిక తిరిగి కూడా పోతుంది. పదాల మధ్య ఖాళీ ఉండదు. ముందుగా "బ్న్" జంటలు ఎక్కడెక్కడ తిరిగి వస్తున్నాయో చూస్తే దారి దొరుకుతుంది.

ప్రశ్న: రాజులు ఇలాంటి లోయల్లో రాయించలేదా?

జవాబు: రాయించారు. నైలు నదికీ ఎర్రసముద్రానికీ మధ్యనున్న వాదీ హమ్మామత్ రాతిగనుల లోయ. అక్కడ ఈజిప్టు రాజు నాలుగో రామ్సెస్ తన ఏలుబడి మూడో ఏట పంపిన దండు 8,368 మంది అని శాసనం చెబుతుంది. చనిపోయిన 900 మంది లెక్క కూడా అందులోనే ఉంది.

ప్రశ్న: అక్షరమాల సినాయ్‌లో పుట్టిందంటారు. ఆధారం ఏమిటి?

జవాబు: సెరాబిత్ అల్ ఖాదిమ్ అనే కొండమీద ఈజిప్టువాళ్లు నీలిఆకుపచ్చ రాయి, అంటే ఫిరోజా, తవ్వించేవారు. 1905లో ఫ్లిండర్స్ పెట్రీ అక్కడ చిత్రలిపిలా కనిపించే, కానీ చిత్రలిపి కాని రాతలు కనుగొన్నాడు. గుర్తులు సుమారు ముప్ఫయ్ మాత్రమే. అంత తక్కువ ఉంటే అది అక్షరమాలే అయ్యుండాలి. 1916లో అలన్ గార్డినర్, ప్రతి బొమ్మకు సెమిటిక్ (హీబ్రూ, అరబిక్‌ల కుటుంబపు) భాషలో ఉన్న పేరులోని మొదటి ధ్వనే దాని విలువ అనుకుని చదివి చూశాడు. ఇల్లు బొమ్మకు "బ్", కన్ను బొమ్మకు కంఠధ్వని, అలా. మళ్లీమళ్లీ వచ్చే నాలుగు గుర్తులు "బఅలత్", అంటే అమ్మవారు, అయ్యాయి. ఆ గుడి హాథోర్ దేవతదే కాబట్టి అర్థం కుదిరింది. మిగతా రాతల్లో చాలావాటి మీద ఇంకా వాదన నడుస్తోంది. 1990ల్లో ఇలాంటివే మరో రెండు రాతలు నైలుకు పడమర వాదీ అల్ హోల్‌లో దొరికాయి. కాబట్టి పుట్టినచోటు సినాయ్ ఒక్కటేనని గట్టిగా అనలేం.

ప్రశ్న: ఇలాంటి ఎడారి లోయల్లో బ్రాహ్మీ లిపి ఎక్కడైనా ఉందా?

జవాబు: ఉంది. పాకిస్తాన్ ఉత్తరాన సింధు నది ఎగువ లోయలో చిలాస్, థాల్పన్, షతియాల్ పరిసరాలు కొండల మధ్య వాన పెద్దగా పడని నేల. అక్కడ కూడా వార్నిష్ పట్టిన బండలే. బొమ్మలు, రాతలు కలిపి 50,000కు పైగా ఉన్నాయి. కారకోరం రహదారి వేశాక, 1979 నుంచి కార్ల్ యెట్‌మార్, అహ్మద్ హసన్ దానీ వాటిని నమోదు చేయించారు. బ్రాహ్మీ, ఖరోష్ఠీ, సోగ్దియన్ (మధ్య ఆసియాది), చైనీస్, టిబెటన్ అన్నీ కనిపిస్తాయి. షతియాల్‌లో నరిసాఫ్ కొడుకు నానైవందక్ అనే సోగ్దియన్ వర్తకుడు, ఖర్వందన్ అనే చోటికి త్వరగా చేరి అన్నదమ్ముణ్ని ఆరోగ్యంగా చూడాలని అక్కడి దేవతను కోరుకుంటూ రాశాడు. దియామెర్ బాషా ఆనకట్ట నిండితే ఈ బండల్లో చాలా భాగం నీటి కిందికి పోతాయి. వాటిలో ప్రతిదానికీ మంచి నమోదు ఉండాలని మేం గట్టిగా కోరుకుంటున్నాం.

ప్రశ్న: నడుస్తూ ఉండగా ఎవరూ చూడని రాత ఒకటి కనపడితే ఏం చేయాలి? చిన్న రాయి అయితే తీసుకొచ్చి మ్యూజియంకు ఇవ్వొచ్చా?

జవాబు: కదిలించకండి. ఆ రాయి ఎటు తిరిగి ఉంది, పక్కన సమాధి కుప్ప ఉందా, నీటి గుంట ఉందా అన్నవి కూడా రాతలో భాగమే. ఎత్తిన మరుక్షణం అవి పోతాయి. పైగా ఈజిప్టులో 1983 నాటి 117వ చట్టం, జోర్డాన్‌లో 1988 నాటి 21వ చట్టం ప్రకారం అది నేరం. ఈజిప్టులో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేసినా కేసవుతుంది.

ఫోటోలు తీసి, ఫోన్ చూపించే అక్షాంశ రేఖాంశాలు, బండ ముఖం దిక్కు, రాత పొడవు, నేల నుంచి ఎత్తు రాసుకోండి. వాటిని ఆ దేశపు పురావస్తు శాఖకు పంపండి. స్థలం వివరాలు సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి. రాతి గుర్తుల కింద బంగారం ఉందని నమ్మి బండలు పగలగొట్టేవాళ్లు ఆ ప్రాంతాల్లో ఉన్నారు. ఫోన్ ఫోటోలోనే స్థలం దాగి ఉంటుంది కాబట్టి పంచుకునే ముందు ఆ సమాచారం తీసేయండి.

మరొక మాట, బండి గురించి. లోయ అడుగున, ఇసుక మెత్తగా చదునుగా ఉన్నచోట ఆపకండి, రాత్రి గుడారం వేయకండి. అది ఎండిన వాగు. ఎక్కడో పదుల కిలోమీటర్ల అవతల కొండల్లో కురిసిన వాన, మీ నెత్తిన మబ్బు లేకపోయినా, నిమిషాల్లో అక్కడికి చేరుతుంది. బండ గోడ మీద పాత వరద మరక ఎంత ఎత్తున ఉందో చూసి దానికి పైన దిగండి.